కూర్చున్నవారి లెక్క

కర్నూలులో కల్లూరు వైపున ఉన్న ఆ పాత చర్చిలో, మే దినోత్సవం తరువాత వచ్చే ఆదివారం నాడు ఒక ప్రత్యేక ప్రార్థన జరుగుతుంది. ప్రసంగం ముగించి అయ్యగారు వేదిక దిగివచ్చి, "సంఘంలో పనిలేని బిడ్డలు నిలబడండి" అంటారు. చదువు ముగించి ఉద్యోగం దొరకని వారు తమ తమ చోట్ల లేచి నిలుస్తారు. సంఘ పెద్దలు వారి తలల మీద చేతులుంచుతారు. అయ్యగారు ప్రార్థిస్తారు. నిలబడినవారి సంఖ్య ఆ ఏటి సంఘ నివేదికలోకి ఎక్కుతుంది.

ఈ ఆచారం మొదలైన ఏట మగవారి వైపు రెండు వరుసలు, ఆడవారి వైపు ఒక వరుస నిండేంతమంది లేచారు. తరువాత ఏటేటా ఆ సంఖ్య తగ్గుతూ వచ్చి, నిరుడు నిలబడినవారందరూ ఒక్క బెంచీకి సరిపోయారు. "మన యౌవనస్థులలో నిరుద్యోగము క్రమముగా తగ్గుచున్నందుకు దేవునికి స్తోత్రము" అని నివేదికలో రాశారు. చదివిన పెద్దలు సంతోషించారు. తగ్గినది నిరుద్యోగమా, నిలబడే ధైర్యమా అని అడగవలసినవారెవరూ అడగలేదు.

నిరుడు నిలబడిన ఆ కొద్దిమందిలో మహిమ ఒకతె. తండ్రి ఏసన్న కొత్త ఇళ్ళలో బేతంచెర్ల బండలు పరిచే మేస్త్రీ. తల్లి విశ్వాసమ్మ ఒక ఆడపిల్లల హాస్టలులో వంటమనిషి. మహిమ బీకాం కంప్యూటర్స్ చదివింది, మంచి తరగతిలోనే పాసయింది. పాసయినప్పటి నుండి ఇంట్లోనే ఉంది.

నవంబరులో నగరంలో పెద్ద జాబ్ మేళా జరిగింది. కళాశాల మైదానంలో షామియానాలు, మైకులు, మజ్జిగ పొట్లాలు. కడప దగ్గర కొత్తగా రాబోతున్న ఒక విడిభాగాల కంపెనీ వారు మహిమను రెండు ప్రశ్నలడిగి ఎంపిక చేశారు. ఒక నాయకుడు ఆమెను వేదిక మీదికి పిలిచి, కాగితం చేతికిచ్చి, ఫోటో తీయించుకున్నాడు. వారం తిరగకముందే నాలుగు రోడ్ల కూడలిలో పెద్ద ఫ్లెక్సీ లేచింది. ఉద్యోగాలు పొందిన యువతీ యువకుల ముఖాలు వరుసలుగా పేర్చి, నగరంలో నిరుద్యోగం సగానికి తగ్గిందని పైన పెద్ద అక్షరాలతో వేశారు. మూడవ వరుసలో మహిమ నవ్వుతూ ఉంది.

ఆ నెలలోనే చర్చిలో కోతపండుగ వచ్చింది. మేలు పొందినవారు ఆ రోజున సాక్ష్యం చెప్పి, తమ చేతనైన కానుక తెచ్చి అర్పిస్తారు. సాక్ష్యాలు, పాట అయిన తరువాత ఆ కానుకలను వేలం వేస్తారు. విశ్వాసమ్మ తన గుడ్లు పెట్టే కోడిని తీసుకుపోతానన్నది.

"చేరినాక ఇద్దాంలేమ్మా" అన్నది మహిమ.

"చేతికొచ్చినాక స్తుతిస్తే అది స్తుతి కాదే, రశీదు. రాకముందే స్తుతించేదే విశ్వాసం" అన్నది తల్లి. తన పేరుకు తగినట్టే బ్రతికిన మనిషి ఆమె. సంఘం ముందు నిలబడి, కన్నీళ్ళతో, "నా బిడ్డకు దేవుడు ఉద్యోగమిచ్చినాడు" అని సాక్ష్యం చెప్పింది.

వేలంలో కోడి రెక్కలు పట్టుకొని ఒకాయన, "ఇది మామూలు కోడి కాదప్పా, కంపెనీ కోడి!" అని అరిచాడు.

"అట్లయితే గుడ్డు గూడ జీతం మాదిరి నెలకొకసారే పెడ్తాదేమో, బాగా సూసి పాడండి" అన్నారు వెనుక నుండి.

అందరూ నవ్వారు. విశ్వాసమ్మ అందరికంటే ఎక్కువగా నవ్వింది. కోడిని సంఘ పెద్ద ఏసుకుమార్ పాడుకున్నాడు. ప్రభుత్వాసుపత్రి ఎదురుగా రక్తపరీక్షల ల్యాబు నడిపే మనిషి.

కంపెనీ నుండి పిలుపు రాలేదు. ఫోను చేస్తే మొదట్లో "మీ పేరు పరిశీలనలో ఉంది" అనేవారు. తరువాత ఎత్తడం మానేశారు. మార్చిలో మహిమ, తనతోపాటు ఎంపికైన స్నేహితురాలు శ్రావణిని వెంటబెట్టుకొని కడప బస్సెక్కింది. శ్రావణిది నందికొట్కూరు దగ్గర రైతు కుటుంబం. తండ్రికి ఆ ఊళ్ళో ఎరువుల అంగడి ఉంది.

కడపలో దిగి, ఆటో మాట్లాడుకొని, వాళ్ళు వెతికి పట్టుకున్న చోట ఒక ప్రహరీగోడ, ఇనుపగేటు, రంగు వెలిసిన బోర్డు ఉన్నాయి. గేటు దగ్గర రేకుల నీడన స్టూలు వేసుకొని కాపలామనిషి కూర్చున్నాడు. పేరు ఓబుళేశు, కమలాపురం మనిషి.

"ఎవురు కావాల్నమ్మా?"

"కంపెనీలో చేరేదానికి వచ్చినాం" అన్నది మహిమ, కాగితం చూపుతూ.

ఓబుళేశు కాగితం చూడలేదు. లేచి, గేటును బార్లా తెరిచాడు. లోపల కంపచెట్లు. వాటి మధ్య రెండు మేకలు.

"రాండి, చేరండి. ఇంతవరకూ ఈడ ఉద్యోగం చేసేది నేనొగన్నే. మీతో ముగ్గురమయితాం. ఆ మేకలు నావి, వాటిని లెక్కలో ఏసుకోగాకండి."

శ్రావణి ఫక్కున నవ్వింది. మహిమ నవ్వలేకపోయింది. అతడు ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు.

"నవ్వించల్లని అన్నాలే తల్లీ, ఏమనుకోవాకు. మీ మాదిరి పిల్లోల్లు వస్తానే ఉండారు. ఒగ పిల్లోడు ఈ గోడ పట్టుకోని ఏడ్సినాడు. నాకు ఆ పొద్దు కూడు దిగల్యా. అప్పట్నించీ వచ్చినోల్లను నవ్వించి పంపిస్తాండా. కడవలో నీళ్ళుండాయి, తాగి పోండి, ఎండ శానా ఉండాది."

తిరుగు బస్సు మైదుకూరు దాటింది.

"మా నాయన అంగట్లో కూర్చోమంటాండాడు" అన్నది శ్రావణి. "ఎవరన్నా అడిగితే బిజినెస్ చూసుకుంటాంది అని చెప్తాడంట."

"నీకు అంగడన్నా ఉండాది."

"ఆ అంగట్లో నాకు పనేముండాది మహీ? మా నాయనకే సగం పొద్దు పనుండదు. ఫ్యాను కింద కూర్చునేదే నా బిజినెస్."

ఇంటికి వచ్చి మహిమ జరిగినది చెప్పింది. ఏసన్న బండల దుమ్ము కడుక్కుంటూ విని, "మేకలన్నా మేస్తాండాయి" అని ఊరుకున్నాడు. విశ్వాసమ్మ మాత్రం, "ఇంకా కట్టల్ల గదా, కడతారు. ఎవరికీ చెప్పొద్దు" అన్నది. చర్చిలో ఎవరైనా "పాప చేరిందా అక్కా?" అని అడిగితే, "దేవుని కృప" అనేది. అది అబద్ధం కాదు. కానీ విన్నవారు తమకు తోచినట్టు అర్థం చేసుకున్నారు. కొందరు ఆమె ఇంటి నుండే పనిచేస్తున్నదనుకున్నారు. "కంపెనీ జీతమొచ్చినాక మా పక్క సూడవేమ్మే" అని పరిహాసమాడారు. మహిమ ప్రతి ఆదివారం ఆ మాటలు మోసుకొని ఇంటికి వచ్చేది.

ఏప్రిల్ చివరి ఆదివారం అయ్యగారు ఒక శుభవార్త ప్రకటించారు. ఏసుకుమార్ తన ల్యాబులో కంప్యూటరు దగ్గర కూర్చునే పనికి ఒకరిని తీసుకుంటానన్నాడు. వచ్చే వారం ప్రార్థనలో నిలబడే బిడ్డలలోనే ఒకరికి ఆ పని.

మహిమ మరునాడే ల్యాబుకు వెళ్ళింది. రోగుల పేర్లు ఎక్కించడం, ఫలితాలు ముద్రించడం, ఫోనులో పంపడం. ఆమెకు తెలిసిన పనే. చల్లని గది, ఇంటికి దగ్గర, నెల నెలా జీతం. ఏసుకుమార్ ఆమెను ఆదరంగానే కూర్చోబెట్టి, టీ తెప్పించాడు.

"అన్నా, ఆ పని నాకిస్తారా?"

"నీకా? నీకు కంపెనీ ఉండాది గదమ్మా."

"ల్యాదన్నా. అది వచ్చేది కాదు. పోయి చూసొచ్చినా."

ఏసుకుమార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. ఎవరి నోటి ముద్దా మరొకరికి పోకూడదన్న పట్టింపు మాత్రం గట్టిగా ఉన్నవాడు.

"సూడమ్మా. రేపు నీకు కంపెనీ నుండి ఫోనొస్తే నా పని ఇడిసిపెట్టి పోతావు. ఈలోపల పనిలేని పిల్ల ఒకతె నష్టపోతాది. మీ అమ్మ సంఘంలో నిలబడి ఉద్యోగమొచ్చిందని చెప్పె. ఆమె కోడి మా ఇంట్లో గుడ్లు పొదిగి పిల్లల్ని గూడ చేసింది. నేనిప్పుడు నిన్ను చాటుగా తీసుకుంటే నలుగురూ ఏమంటారు? ఉన్నమ్మకే పెట్టినాడంటారు. నీకు నిజంగా ల్యాకపోతే ఆదివారం నిలబడు. సంఘంలో చెప్పిన మాట సంఘంలోనే మార్చల్ల."

అతని మాటలో తప్పు పట్టడానికి మహిమకు ఏమీ దొరకలేదు. అదే ఆమెకు కష్టమనిపించింది.

ఆ వారమంతా ఇంట్లో ఒకటే మాట. నిలబడితే ల్యాబులో పని దొరికే దారి ఉంది. కూర్చుంటే లేదు.

"నువ్వు నిల్చుంటే నేను అబద్ధ సాక్షినయితా" అన్నది విశ్వాసమ్మ. ఉగ్గాని కోసం బొరుగులు నానబెడుతున్న చేతులు ఆగిపోయాయి. "దేవుడు ఇచ్చినాడని ఈ నోటితో చెప్పినా. ఇయ్యల్యాదని నువ్వు నిలబడి చెప్తే, దేవున్నే అబద్ధికున్ని చేసినట్ల గాదా?"

"కూర్చుంటే నేను అబద్ధ సాక్షినయితా గదమ్మా."

"ఇంగొక్క ఏడాది ఓర్చుకో."

"ఏడాది ఓర్చుకుంటే ల్యాబులో పని ఎవరికోసం కాచుకోనుంటాది?"

గడప మీద కూర్చుని ఉన్న ఏసన్న, "దేవునికి మనం చెప్పకముందే తెల్సు విశ్వాసీ. తెలియంది సంఘానికే" అన్నాడు.

"నువ్వు గమ్మునుండు. సాక్ష్యం చెప్పింది నువ్వు గాదు."

"కోడిని పట్టింది నేనే గదా. నా చెయ్యి గీరింది."

మరెప్పుడైనా అయితే ఆమె నవ్వేది. ఆ పూట నవ్వలేదు.

ఆదివారం వచ్చింది. ఫ్యాన్లు తిరుగుతున్నా చర్చిలో వేడి కమ్ముకొని ఉంది. స్త్రీలు పాటల పుస్తకాలతో విసురుకుంటున్నారు. విశ్వాసమ్మ, మహిమ నాలుగో బెంచీలో పక్కపక్కనే కూర్చున్నారు. ప్రసంగంలో అయ్యగారు ఏమి చెప్పారో ఆ ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

"సంఘంలో పనిలేని బిడ్డలు నిలబడండి."

మగవారి వైపు ఇద్దరు లేచారు. ఆడవారి వైపు చివరి బెంచీలో ఆ ఏడే డిగ్రీ ముగించిన పిల్ల ఒకతె లేచింది. అంతే. అయ్యగారి ముఖం విప్పారింది.

"ముగ్గురే! స్తోత్రం. నిరుటి కంటే కూడా..."

మహిమ లేవబోయింది. చున్నీ కొంగు ఎక్కడో చిక్కుకుంది. చూస్తే అది తల్లి పిడికిట్లో ఉంది. విశ్వాసమ్మ ముందుకే చూస్తున్నది, పెదవులు కదులుతున్నాయి, పిడికిలి మాత్రం బిగిసి ఉంది. మహిమ లాగలేదు. చున్నీని భుజం మీద నుండి జారవిడిచి, అది తల్లి చేతిలోనే ఉండగా, లేచి నిలబడింది.

చర్చిలో విసనకర్రల మాదిరి కదులుతున్న పుస్తకాలన్నీ ఆగాయి.

"ఏమ్మా, నీకు..." అని అయ్యగారు ఆగారు.

"కంపెనీ పిల్లకు గూడ ప్రార్థనేనా?" అని మగవారి వైపు నుండి ఎవరో సన్నగా అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. ఏసుకుమార్ నవ్వలేదు.

"నాకు ఉద్యోగం ల్యాదయ్యగారూ" అన్నది మహిమ. "కాగితమిచ్చినారు. కంపెనీ ల్యాదు. కడపకు పోయి చూసొచ్చినా. అక్కడ గోడ ఉండాది."

అప్పుడు విశ్వాసమ్మ లేచింది. చేతిలో కూతురి చున్నీ అలాగే ఉంది. పట్టి కూర్చోబెడుతుందనే అందరూ అనుకున్నారు. మహిమ కూడా అలాగే అనుకుంది.

"అయ్యగారూ, కోతపండుగ నాడు ఈడ నిలబడి సాక్ష్యం చెప్పింది నేను. నా బిడ్డ గాదు" అన్నది విశ్వాసమ్మ. "నేను దేవుని మాటను నమ్మినాననుకుంటి. నేను నమ్మింది స్టేజీ మీద ఫోటో దిగినాయన మాటను. రెండిటికీ తేడా తెలియకపాయె నాకు. ఆయన మాట తప్పితే నేను దేవునికెందుకు సిగ్గుపడల్ల? ఆయనే పడల్ల. నా కోడిని నేను దేవునికిచ్చినా, కంపెనీకి గాదు. దాన్ని వెనక్కడగను. నా బిడ్డ మాత్రం కూర్చోదు."

తరువాత స్త్రీల వైపు గోడ పక్కన ప్రేమజ్యోతి లేచింది. ఆమె ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివింది. ముప్పై ఏళ్ళు దాటాయి, ఒక బిడ్డ తల్లి. అత్తవారింట్లో బీడు పొలం తప్ప ఏమీ లేదు. ఒకప్పుడు ఏటేటా నిలబడేది, తరువాత మానింది. ఉద్యోగం వచ్చి ఉంటుందని సంఘం అనుకున్నది.

"నేను గూడ ఉద్యోగమొచ్చి కూర్చోలేదయ్యగారూ. నిలబడి నిలబడి సిగ్గయి కూర్చున్నా" అన్నది ఆమె.

ఆ మాటతో ఏదో కట్ట తెగినట్టయింది. బజారులో సగం రోజులు అన్నం పొట్లాలు మోసే కుర్రవాడు లేచాడు. బెంగళూరు వెళ్ళి తిరిగివచ్చిన సంగతి దాచుకున్న అన్నదమ్ములిద్దరు లేచారు. పెళ్ళి సంబంధం చెడుతుందని తల్లి కూర్చోబెట్టిన పిల్ల లేచింది. ఆ తల్లే మోచేతితో పొడిచి లేపింది. నవంబరులో అదే వేదిక మీద అదే కాగితం అందుకున్నవాడు ఒకడు, లేస్తూ లేస్తూ మహిమ వైపు చూసి, తాను ఒక్కడే మోసపోలేదని తెలిసిన మనిషి తేలికతో నిట్టూర్చాడు. చూస్తుండగా మగవారి వైపు లేచినవారే రెండు వరుసలకు మించిపోయారు. ఈ ఆచారం మొదలైన ఏట కూడా అంతమంది నిలబడలేదు.

సంఘ పెద్దలు నలుగురే. తలలు చాలా ఉన్నాయి, చేతులు చాలలేదు. ఏసుకుమార్ ఒక తల మీద నుండి చేయి తీయలేక, మరొక తల మీద పెట్టకుండా ఉండలేక తికమకపడ్డాడు. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో ఆగి, "ప్రభువా, మేము కూర్చున్నవారిని లెక్కపెట్టలేదు" అన్నారు. ఆమేన్ అన్నవారు నెమ్మదిగానే అన్నారు.

నివేదికలోని ఆ స్తోత్ర వాక్యాన్ని ఆ సాయంత్రమే కొట్టివేశారు. కూడలిలోని ఫ్లెక్సీ మీది వాక్యాన్ని కొట్టివేసేవారు మాత్రం దొరకలేదు. ఆ సోమవారం అయ్యగారు మేళా జరిపినవారి కార్యాలయానికి, ఉత్త కాగితాలందుకున్న బిడ్డలందరినీ వెంటబెట్టుకొని పోయారు. సారు లేరన్నారు. మరుసటి సోమవారమూ పోయారు. సారు లేరు. వీరు పోవడం మానలేదు. ఒక మనిషి ముఖాన్ని చూపి నగరానికి అబద్ధం చెప్పేవారు, ఆ మనిషి ఎదుట నిలబడి జవాబు చెప్పేవరకు అడుగుతూనే ఉండవలసిందే.

ల్యాబు పనికి ఏసుకుమార్ నిలబడినవారందరినీ పిలిచి, కంప్యూటరు ముందు కూర్చోబెట్టి పని చేయించి చూశాడు. పనిని ప్రేమజ్యోతికి ఇచ్చాడు. మహిమ చేతి వేగం ఆమె కంటే ఎక్కువే. కానీ రక్తపరీక్షల సంగతి చదువుకున్నది ప్రేమజ్యోతి. ఆమె ఆ ఆదివారం కూర్చునే ఉన్నట్టయితే, ఆ పని బహుశా మహిమదే అయ్యేది.

ఆ మాటే విశ్వాసమ్మ ఇంటికి పోయే దారిలో అన్నది. "నువ్వు లేచినందుకే ఆ పాప లేచింది. ఆ పాప లేచినందుకు నీకు పోయింది."

"అవునుమా."

"బాధగా ల్యాదా?"

"శానా ఉండాది" అన్నది మహిమ. "కానీ అమ్మా, నేనడిగి పోగొట్టుకున్నా. కూర్చుని పోగొట్టుకోలేదు."

జూన్‌లో ప్రేమజ్యోతి మొదటి జీతం అందుకొని, ఆ ఆదివారం ఒక పెద్ద గుమ్మడికాయను ఎత్తుకొని చర్చికి వచ్చింది. సాక్ష్యం రెండు మాటల్లో ముగించింది. పాట అయిన తరువాత వేలం మొదలుపెట్టారు. ఏసుకుమార్ పాడాడు. విశ్వాసమ్మ పైన పాడింది. అతడు పెంచాడు. ఆమె కూడా పెంచింది.

"ఏమక్కా, నీ కోడిని పాడుకున్నానని నా మీద పగనా?"

"నీ ఇంట్లో కోడి పిల్లలుండాయి. గుమ్మడికాయ నాకిడువప్పా. పులుసు చేసి మీ ఇంటికి గూడ పంపిస్తాలే."

నవ్వుల మధ్య గుమ్మడికాయ విశ్వాసమ్మ కాళ్ళ దగ్గరికి చేరింది.

ఇప్పుడు ఆ ప్రార్థన ఏటికొకసారి కాదు. ఆరాధన ముగించే దీవెనకు ముందు ప్రతి ఆదివారమూ జరుగుతుంది. వేలం ముగిశాక అయ్యగారు వేదిక దిగివచ్చారు.

"సంఘంలో పనిలేని బిడ్డలు నిలబడండి."

మహిమ లేచింది. లేవడంలో చున్నీ ఒక భుజం మీదికి జారిపోయింది. విశ్వాసమ్మ గుమ్మడికాయ దొర్లిపోకుండా దానికి పాదం అడ్డం పెట్టి, చేయి చాచి, ఆ చున్నీ కొంగును పట్టుకొని, కూతురి రెండో భుజం మీదికి సరిగ్గా సవరించింది.